పన్నెండేళ్లు వయొలిన్ నేర్చుకున్నాక చుట్టూ ఉన్న చప్పుళ్ల మీదికి మనసు పోతే, వయొలిన్ వదిలేయాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ: గుంటూరులో ఉంటారు, పన్నెండేళ్లుగా వయొలిన్ సాధన, అప్పుడప్పుడూ పక్కవాద్యం కూడా వాయిస్తున్నారు. ఏడాదిగా పాట కంటే పాట చుట్టూ వినపడే చప్పుళ్లే పట్టుకుంటున్నాయి. ఫీల్డ్ రికార్డింగ్ (బయటి చప్పుళ్లని అవి ఉన్నచోటే పట్టడం), సౌండ్ ఆర్ట్ (చప్పుళ్లతో చేసే కళ) అన్న మాటలు ఎక్కడో విన్నారు. మీ మాస్టారేమో "చప్పుళ్లు పట్టుకోవడం కూడా ఒక విద్యేనా?" అన్నారు. ఇప్పుడు వయొలిన్ వదిలేయాలా, 30 వేలల్లో ఏ మైకు కొనాలి, దీంట్లో డబ్బులుంటాయా అని మూడు ప్రశ్నలు. మిర్చి యార్డుకి వెళ్లొచ్చా, ఫీల్డ్ రికార్డింగ్ నుంచి సౌండ్ ఆర్ట్‌కి ఎలా వెళ్తారు అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. వయొలిన్ వదలొద్దు. మైకు ఇప్పుడే కొనొద్దు. డబ్బులు పెద్దగా ఉండవు. ముందు ఒక చోటు చూసుకొని నెల రోజులు అక్కడికే వెళ్లి ఊరికే కూర్చొని వినండి. ఎందుకిలా అంటున్నానో చెప్పాలంటే కాస్త పెద్దదవుతుంది, తీరిగ్గా చదవండి.

నాది విజయవాడ, సత్యనారాయణపురం. పాతికేళ్లు పెళ్లిళ్లకి, ఉత్సవాలకి, హరికథలకి వయొలిన్ వాయించాను, ఇప్పటికీ పిలిస్తే వెళ్తాను. రికార్డర్ పట్టుకు తిరగడం మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. మొదలవడం కూడా అనుకోకుండానే అయింది. ఒక శ్రీరామనవమి పందిట్లో కచేరీ, నా తప్పులు నేను వినడానికి చిన్న రికార్డర్ ఒకటి వేదిక పక్కన పెట్టుకున్నాను. మంగళం అయ్యాక ఆపడం మర్చిపోయాను. ఇంటికొచ్చి వింటే శ్రుతిపెట్టె కట్టేసిన తర్వాత ఇంకో నలభై సెకన్లు ఉంది ఆ ఫైల్లో. జంఖానా దులిపిన చప్పుడు, మృదంగం గవిసెన జిప్పు, పట్టీలు పెట్టుకున్న ఎవరో పాప పరుగు, పానకం బిందెలో గ్లాసు తగిలిన మోత, వీటన్నిటి కిందా ఎడతెగని ఒక "మ్‌మ్‌మ్". శ్రుతిపెట్టె ఆపేశాం కదా, మరి ఇదేంటి? నాలుగైదు సార్లు విన్నాక తెలిసింది, అది పందిరి పక్క స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్.

మన కరెంటు 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుము ఒక్కో సైకిల్‌కి రెండుసార్లు సాగి ముడుచుకుంటుంది, అందుకని బయటికి వినపడేది 100 హెర్ట్జ్, దాని మీద 200, 300 కూడా. ఆ రోజు గాయకుడిది ఒకటి శ్రుతి, అంటే హార్మోనియం మీద సి స్వరం. దానికి మంద్ర పంచమం, అంటే కింది స్థాయి పంచమం, 98 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ సాయంత్రమంతా మాతోపాటు పంచమం పట్టుకొనే ఉంది, కాస్త హెచ్చుగా. మూడు గంటలు అక్కడే కూర్చొని వాయించిన నేను దాన్ని ఒక్కసారి కూడా వినలేదు. శ్రుతి శుద్ధంగా ఉంటుందని పేరున్న చెవి మరి! సిగ్గేసింది, ఆ తర్వాత వారం రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు, ఎక్కడికెళ్లినా ఫ్రిజ్‌లు, ట్యూబ్‌లైట్ చోక్‌లు, ఏటీఎం గదుల ఏసీలు అన్నీ ఏ స్వరంలో ఉన్నాయా అని వెతుక్కోవడమే.

వయొలిన్ వదలొద్దన్నది అందుకే. ఈ పనికి మన దగ్గరున్న పెట్టుబడి ఆ చెవే. బయట దేశాల్లో ఈ దారిన వెళ్లినవాళ్లలో చాలామంది ముందు సంగీతకారులే. మాక్స్ న్యూహౌస్ కచేరీల్లో తాళవాద్యాలు వాయించేవాడు. 1966లో న్యూయార్క్‌లో శ్రోతల చేతుల మీద "వినండి" అని ముద్ర వేసి, హాల్లోకి కాకుండా వీధుల్లోకి నడిపించుకెళ్లాడు, అదే కచేరీ అన్నాడు. క్రిస్ వాట్సన్ ఇంగ్లండ్‌లో ఒక ఎలక్ట్రానిక్ బ్యాండు పెట్టినవాళ్లలో ఒకడు, 1981లో దాన్ని వదిలి తర్వాత బీబీసీ వన్యప్రాణి కార్యక్రమాలకు శబ్దాలు పట్టే పనిలోకి వెళ్లాడు. అమెరికా స్వరకర్త పాలీన్ ఒలివెరోస్ చివరిదాకా తన అకార్డియన్ వదల్లేదు. 1988లో భూమి కింద ఖాళీ నీళ్ల ట్యాంకులోకి దిగి వాయించింది, అక్కడ ఒక స్వరం తీస్తే ప్రతిధ్వని 45 సెకన్లు నిలుస్తుంది. అంతసేపు పాత స్వరం గాల్లో ఉంటే కొత్త స్వరం వేయడానికి ఎంత ఆలోచించాలో మీరే ఊహించుకోండి, మనం ఆరోహణ అవరోహణ చకచకా లాగించేస్తాం.

మీ మాస్టారి మాట గురించి. నన్నూ అన్నారు, కోపం తెచ్చుకోకండి. షడ్జమం నెమలిది, పంచమం కోయిలది, నిషాదం ఏనుగుది అని మనకు చెప్పినవాళ్లు చెవులు మూసుకొని చెప్పి ఉండరు కదా. కాకపోతే ఆ మాటను పట్టుకొని కోయిలని రికార్డు చేసి ట్యూనర్‌లో పెట్టారనుకోండి, పంచమం నిలబడదు. ప్రతి "కూ" కిందినుంచి పైకి జారుతుంది, పిలుపు పిలుపుకీ శ్రుతి పెంచుకుంటూ పోతుంది, ఉన్నట్టుండి ఆపేస్తుంది. అది స్వరం కాదు, జారు. గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) తెలిసినవాడికే ఆ తేడా టక్కున తెలుస్తుంది. ఇదీ మీ పన్నెండేళ్ల సాధన పనికొచ్చే చోటు.

ఇప్పుడు ఆ సాధన అడ్డమొచ్చే చోటు. ఇదే నా అసలు అనుభవం, మూడేళ్లు దీని మీదే పోగొట్టుకున్నాను. ఏ చప్పుడు పట్టుకొచ్చినా దాన్ని పాటగా మార్చేయాలన్న తొందర. రైలు చప్పుడు దొరికితే కింద తంబూరా వేసేవాణ్ని. వర్షాకాలంలో ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తితే సీతానగరం వైపు నుంచి రెండు గంటలు పట్టి, ఇంటికొచ్చి దాని మీద హంసధ్వని రాగం వాయించాను. ఒక స్నేహితుడికి వినిపించాను. శ్రద్ధగా విన్నాడు, విని "నీళ్ల చప్పుడు బ్రహ్మాండంగా ఉందిరా, ఆ వయొలిన్ వాయించేదెవరు, కాసేపు ఆపమనకూడదూ?" అన్నాడు. వాడికి నిజంగానే తెలియదు అది నేనని. ఆ రాత్రే వయొలిన్ ట్రాక్ తీసేసి విన్నాను. నీళ్ల మోత ఒకటే మోత కాదు, దగ్గరి గేటుది పైస్థాయిలో చీల్చినట్టుంటే, దూరపు గేట్లది కింద బరువుగా దొర్లుతోంది, మధ్యలో గాలి తిరిగినప్పుడల్లా ఆ రెండూ చోట్లు మార్చుకుంటున్నాయి. నా హంసధ్వని దాన్నంతా కప్పేసింది.

కెనడాలో మర్రే షేఫర్ అనే స్వరకర్త 1970ల్లో ఒక బృందాన్ని పెట్టుకొని ఊళ్ల శబ్దాలను పట్టికలు వేసి అధ్యయనం చేశాడు. ఒక చోట ఎప్పుడూ ఉంటూ, ఎవరూ పట్టించుకోని శబ్దాన్ని ఆయన స్వరకర్తల భాషలో "కీనోట్" అన్నాడు. మనకైతే కొత్త మాట అక్కర్లేదు, ఆధార శ్రుతి అంటే చాలు. మీ మొదటి నెల పని ఇదే: మీరు ఎంచుకున్న చోటికి ఆధార శ్రుతి ఏది, దాని మీద వచ్చిపోయేవి ఏవి, ఆ చోటికి మాత్రమే సొంతమైన చప్పుడు ఏది. గుంటూరులోనైతే మూడు వంతెనల దగ్గర నిలబడండి, పైన రైలు, కింద బళ్లు, మోత చుట్టూ తిరుగుతుంది. రోజూ ఒకే టైముకి ఇరవై నిమిషాలు. మొదటి వారం ఫోను కూడా తీయకండి, నోట్‌బుక్కులో రాయండి. మూడో రోజుకి బోరు కొడుతుంది. ఆరో రోజుకి ఏదో ఒకటి కొత్తగా వినపడుతుంది, నా మాట నమ్మండి.

మిర్చి యార్డు సంగతి మీరే అడిగారు కాబట్టి: వెళ్లండి, కానీ సీజన్‌లో వద్దు. నేను మార్చిలో వెళ్లాను. హమాలీలు టిక్కీలు (మిర్చి బస్తాలు) దించే చప్పుడు, కాటా దగ్గర కేకలు, ఎండుమిరప కాయలు కుప్ప పోసినప్పుడు గలగలలాడే ఆ సన్నటి ధ్వని, గవ్వలు జారినట్టుంటుంది, వాటి కోసమే పోయాను. గంటన్నర రికార్డింగులో నా దగ్గు లేని ముక్క మొత్తం కలిపి నాలుగు నిమిషాలు. పక్కనున్న హమాలీ మాత్రం ఒక్కసారి కూడా దగ్గలేదు, నన్ను చూసి నవ్వుతూనే ఉన్నాడు, ఆ నవ్వూ రికార్డయింది.

పక్షులు చేరే ఉప్పలపాడు చెరువు మీకు పక్కనే, అదృష్టవంతులు. చలికాలంలో తెల్లారకముందే చెరువు గట్టు మీద ఉండాలి. అక్కడ చాలామంది పొరబడేదేంటంటే, అంత పెద్ద ఎర్రకాళ్ల కొంగలు గట్టిగా అరుస్తాయనుకుంటారు. పెద్దవి దాదాపు మూగవి, గూటి దగ్గర ముక్కులు టకటకలాడిస్తాయి అంతే. గోలంతా పిల్లలది. ఆ టకటక చిడతల్లా ఉంటుంది, దూరం నుంచి దొరకదు, రెక్కల చప్పుడులో కలిసిపోతుంది. ఊళ్లో గుడి మైకు మొదలైతే ఇక ఆ రోజుకి పక్షులొక్కటే దొరకవు. మొదట్లో నేను విసుక్కునేవాణ్ని, ఇప్పుడు మైకుతో కలిపే ఉంచుతున్నాను, ఆ పక్షులు రోజూ వినేది కూడా అదే కదా.

ఇక పరికరాలు, ఆ నెల అయ్యాక కొనేవి. 30 వేలు అక్కర్లేదు. చేతిలో పట్టే జూమ్ లేదా టాస్కామ్ కంపెనీ రికార్డరు, అందులో చిన్న రకం, మీ బడ్జెట్‌లో సగం లోపే అయిపోతుంది. మిగిలిన దాంట్లో చెవులు పూర్తిగా మూసే మంచి హెడ్‌ఫోన్స్ కొనండి. మైకుకి బొచ్చు తొడుగు తప్పనిసరి, కృష్ణ ఒడ్డున అది లేకుండా పట్టినదంతా గాలి తప్ప ఇంకేం ఉండదు. నేను మొదటి ఏడాది మా అమ్మ మంకీ క్యాపు తొడిగాను, కొంత పనిచేసింది, మంచి బొచ్చు తొడుగంత కాదు. డబ్ల్యూఏవీ ఫైలు, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి, ఎంపీ3 వద్దు. గట్టి చప్పుడు వచ్చినా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి. కొత్త మోడళ్లలో 32 బిట్ ఫ్లోట్ ఉంటుంది, లెవెల్ టెన్షన్ తగ్గుతుంది, కానీ మైకే తట్టుకోలేని మోత దగ్గర పెడితే ఫ్లోట్ ఏం కాపాడదు. చేత్తో పట్టుకోకండి, చేతి చప్పుడు మొత్తం ఎక్కుతుంది, చిన్న ట్రైపాడ్ చాలు. మొదలుపెట్టేటప్పుడు తేదీ, టైము, చోటు నోటితో చెప్పండి, తర్వాత మీరు ఊపిరి కూడా మెల్లగా తీయాలి. ఇంటికి రాగానే రెండు చోట్ల కాపీ. నాది ఒక హార్డ్‌డిస్క్ పోయి రెండేళ్ల పని పోయింది, దాని గురించి ఎక్కువ మాట్లాడను.

ఇంకో చవకైన వస్తువు చెప్తాను, వయొలిన్ వాళ్లకి బాగా నచ్చుతుంది. పియజో డిస్క్, ఎలక్ట్రానిక్స్ షాపులో పదో ఇరవయ్యో రూపాయలు. దాన్ని ఇనుముకో చెక్కకో అంటిస్తే గాల్లో చప్పుడు కాదు, ఆ వస్తువు లోపలి కంపనం వినపడుతుంది. నేరుగా రికార్డరుకి కలిపితే బేస్ పోయి పలచగా వస్తుంది, మధ్యలో పికప్ ఉన్న వయొలిన్‌కి వాడే ప్రీయాంప్ (సన్నటి సిగ్నల్‌ని పెంచే చిన్న పెట్టె) పెట్టండి, నిండుగా వస్తుంది. బ్యారేజీ రెయిలింగ్‌కి అంటించి ఒక రాత్రి విన్నాను. రోడ్డు జాయింటు మీదుగా బైకు వెళ్తే "త-క", రెండు చక్రాలు కదా. ఆటోకి ముందు ఒకటి, వెనక రెండూ ఒకేసారి పడతాయి, అది "త-ధిం". సైకిలైతే రెండూ అంత మెత్తగా పడతాయి, చెవి రిక్కించాలి. ఎవడెంత స్పీడులో పోతే తాళం అంత వేగం. కళ్లు మూసుకొని గంటసేపు ఏ బండో చెప్పుకుంటూ కూర్చున్నాను. (ఇలాంటి చోట్ల సెక్యూరిటీ వాళ్లకి ముందే చెప్పండి. తీగలు అంటించిన మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానమే. మామూలు జనమైతే "ఏ చానలండీ?" అని సరిగ్గా మంచి చప్పుడు వచ్చినప్పుడే అడుగుతారు, దానికి మందు లేదు.)

ఫీల్డ్ రికార్డింగ్ నుంచి సౌండ్ ఆర్ట్‌కి ఎలా వెళ్తారని అడిగారు. నా వరకు అది 2024 వరదల తర్వాత జరిగింది. సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగింది, అదే సమయంలో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది, మీకూ గుర్తుండే ఉంటుంది. నీళ్లు తీశాక తెలిసినవాళ్లింటికని వెళ్తూ రికార్డరు సంచిలో వేసుకున్నాను, అబద్ధమెందుకు, ఆశతోనే. వీధంతా చీపుళ్లతో బురద తోస్తున్న చప్పుడు, మోటార్లు. తీసి ఆన్ చేశాను. ఒక గుమ్మంలోంచి ఒకావిడ నన్ను, నా చేతిలోదాన్ని చూసి "ఆ మిషను పక్కన పెట్టి ఈ బీరువా అటేపు పట్టుకో బాబూ" అంది. పట్టుకున్నాను. ఆ రోజు నాలుగిళ్లలో సామాను మోశాను, రికార్డింగ్ లేదు. అడగకుండా మనుషుల కష్టం మీద మైకు పెట్టొద్దు, ఆవిడ నాకు చెప్పకుండానే చెప్పింది అది.

నెల తర్వాత మళ్లీ వెళ్లి, అడిగి, తలుపులు రికార్డు చేశాను. నీళ్లకి ఉబ్బిపోయి ఏ తలుపూ సరిగ్గా పడట్లేదు, తెరిస్తే ఒక్కోటి ఒక్కో రకంగా మూలుగుతుంది. వయొలిన్ కమాను తీగ మీద ఎలా పలుకుతుందో ఆ కిర్రూ అలాగే పుడుతుంది, పట్టడం, జారడం, మళ్లీ పట్టడం, సెకనుకి కొన్ని వందలసార్లు. తలుపు మెల్లగా తోస్తే కమాను నొక్కి మెల్లగా లాగినట్టే గరగర, కాస్త వేగం పెంచితే స్వరం నిలబడుతుంది. తలుపు కిర్రుతో 1963లోనే పియర్ ఆన్రీ పారిస్‌లో ఒక పెద్ద రచన చేశాడు, నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. కాకపోతే నావి సింగ్‌నగర్ తలుపులు.

పారేస్తున్న తలుపులు మూడు తెచ్చుకొని, వన్‌టౌన్‌లో స్నేహితుడి ఖాళీ గోడౌన్‌లో నిలబెట్టి, వెనక ట్రాన్స్‌డ్యూసర్లు బిగించాను, అంటే కోన్ లేని స్పీకరు, ఏ వస్తువుకి బిగిస్తే ఆ వస్తువే పలుకుతుంది. ఏ తలుపు కిర్రు ఆ తలుపులోంచే వస్తుంది, మధ్యమధ్య ఆ ఇంటివాళ్లు ఒప్పుకొని చెప్పిన రెండు మూడు మాటలు. మనుషులు కూర్చుంటారని ఇరవై కుర్చీలు వేశాను, అదే నేను చేసిన పెద్ద పొరపాటు. వచ్చారు, కూర్చున్నారు, ముప్పావుగంట చూశారు. ఒక పెద్దాయన లేచి "ప్రోగ్రాం ఎప్పుడు మొదలవుతుందండీ?" అన్నాడు. రెండో రోజు కుర్చీలన్నీ తీసేశాను. జనం తిరగడం మొదలుపెట్టారు, తలుపుకి చెవి ఆనించారు, ఒక పిల్లాడు తోసి చూశాడు.

నా లెక్కలో తేడా అంతా అక్కడే ఉంది. కచేరీలో టైము మన చేతిలో ఉంటుంది, పల్లవి ఎప్పుడు, తని (మృదంగం ఒక్కటే వాయించే భాగం) ఎప్పుడు అన్నీ మనమే చెప్తాం. ఇక్కడ టైము వచ్చినవాడి చేతిలో ఉంటుంది, ఎక్కడ నిలబడితే ఏం వినపడాలన్నది మాత్రమే మనం ఆలోచించాలి. ఇందాక చెప్పిన న్యూహౌస్ 1977లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో రోడ్డు మధ్య గాలికంతల కిందినుంచి ఒక గంభీరమైన నాదం వచ్చేలా అమర్చాడు, బోర్డు కూడా పెట్టలేదు, దాటిపోయేవాడు దాటిపోతాడు, ఆగినవాడు ఆగుతాడు. నాకు మాత్రం ఇంకా అంత ధైర్యం రాలేదు, గుమ్మం దగ్గర ఒక కాగితం అంటిస్తాను.

మా మాస్టారు ఎనభై దాటిన మనిషి, ఆటోలో వచ్చారు. మూడు తలుపులూ విన్నారు, మధ్యదాని దగ్గర చాలాసేపు ఆగారు. "కమాను బాగానే లాగావు, రోజిన్ తక్కువైంది" అన్నారు. రోజిన్ అంటే కమానుకి రాసే బంక. పొగడ్తో తిట్టో నాకిప్పటికీ తెలియదు.

డబ్బుల సంగతి. పోయినేడాది ఈ పని మీద నాకు వచ్చినవి 42 వేలు, అందులో 30 వేలు ఒకే డాక్యుమెంటరీ నుంచి. ఇల్లు నడిచేది పెళ్లి కచేరీలు, పిల్లలకి చెప్పే పాఠాల మీద. షార్ట్ ఫిలిం వాళ్లు, ప్రకటనల వాళ్లు అప్పుడప్పుడూ అడుగుతారు. ఒకాయన "పల్లెటూరి ఉదయం" కావాలన్నాడు, పల్లెలో పట్టిన అసలు ఉదయాన్నే పంపాను. బోరు మోటారు, గుడి మైకు, పాల ఆటో హారన్ ఉన్నాయని వెనక్కి పంపేశాడు, కోడి, కోయిల చాలట. బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ లాంటి చోట గ్రాంట్లు ఇస్తారు, కొచ్చి బినాలేలో శబ్దంతో చేసిన పనులు పెడుతుంటారు, వీలైతే ఒకసారి వెళ్లి నడిచి చూడండి. మీకున్న ఉద్యోగం మాత్రం మానకండి.

నెల రోజుల నోట్‌బుక్కు అయ్యాక అందులోంచి ఒక పేజీ ఇక్కడే కింద పెట్టండి, దాన్ని బట్టి మీకు స్టీరియో రికార్డరు ముందా, పియజో ముందా చెప్తాను. పియజోకి తీగ సోల్డరింగ్ చేసేటప్పుడు మధ్యలోని తెల్ల భాగం మీద ఇనుము రెండు సెకన్లకి మించి పెట్టకండి, కాలిపోతుంది. నావి మొదట ఆరు పోయాయి, ఓ పది కొనుక్కోండి.